ఏడో సూది

విల్లును దూలానికి వేలాడగట్టి, నారి బిగువును బొటనవేలితో మీటి చూసుకొని, ఇమాం సాబ్ తలుపు గడియ పెట్టాడు. దూది ఏకే గదిలోకి గాలి రాకూడదు. వీధివైపు కిటికీకి గోనెపట్టా కట్టి, దాని అంచులను కూడా లోపలికి దోపాడు. ఆ తరువాత వంగి తన పాదాలను చూసుకున్నాడు. చెప్పులు విడిచాడో లేదో కళ్ళతో చూస్తేగాని ఆయనకు తెలియదు; ఆ కబురు చెప్పడం పాదాలు మానేసి మూడేళ్ళయింది. ఎడమకాలి చెప్పు గడప దగ్గర ఉంది. కుడిది ఇంకా కాలికే ఉంది. దాన్ని చేత్తో ఊడదీసి మొదటిదాని పక్కన పెట్టాడు.

పంతొమ్మిదివందల ఎనభై, జనవరి నెల చివరి గురువారం. ఎమ్మిగనూరు జాతర ముగిసి నాలుగు వారాలయింది. ఇల్లు నేతగాడు లక్ష్మప్పది. అతడు నూలు తెచ్చుకోవడానికి సొసైటీకి పోయినందువల్ల గోడ అవతలి గదిలో మగ్గం చప్పుడు లేదు. లోపలి గదిలో అతని కూతురు ప్రసవించి పడుకొని ఉంది. మరునాడు బిడ్డను తొట్టెలో వేస్తారు. బాలింతకు ఒక పరుపు, బిడ్డకు తొట్టెలోకి ఒక చిన్న పరుపు కావాలని లక్ష్మప్ప భార్య హనుమంతమ్మ కబురు పెడితే, ఇమాం సాబ్ ఆదోనిలో మొదటి బస్సు ఎక్కి వచ్చాడు.

ఆయనకు యాభై రెండేళ్ళు. విల్లు మోసిన ఎడమ భుజం కుడిదానికన్నా నాలుగు వేళ్ళు కిందికి దిగింది. కనురెప్పల వెంట్రుకలకు ఎప్పుడూ సన్నని దూది పట్టి ఉండడంవల్ల, ఆ కళ్ళు ఇప్పుడే నిద్ర లేచినట్టో, ఇంకా లేవనట్టో కనిపించేవి. ఆదోనిలో జిన్నింగు మిల్లుల వెనక ఉన్న దూదేకుల వీధిలో పుట్టి, అక్కడే పెళ్ళాడి, ఆ వీధి నుంచే నలభై ఏళ్ళుగా కోడుమూరు దాకా, తుగ్గలి దాకా నడిచి, ఊళ్ళ దూదిని మెత్తన చేసి వచ్చాడు. వేలాదిమంది ఆయన చేసిన పరుపుల మీద నిద్రపోయారు. ఆయన పేరు తెలిసినవారు ఏ ఊళ్ళోనూ పదిమంది లేరు.

కర్రగుండుతో నారిని కొట్టాడు. టంయ్ మని గది నిండింది. పాత దూది గడ్డలు గడ్డలుగా లేచి, విడిపోయి, పొగలాగా పైకి పోయి, మెల్లగా కిందికి దిగసాగింది. గంట గడిచేసరికి గోడలు కనిపించలేదు. తెల్లని ఆ మసకలో ఇమాం సాబ్ ఒక్కడే కదులుతున్నాడు. మోకాళ్ళ కింద తనకు ఏమీ లేనట్టు, నేలకు జానెడు ఎత్తున తేలుతున్నట్టు ఆయనకు తోచింది. కొత్త కాదు. మొదట వేళ్ళ కొసల్లో మొదలైంది, తరువాత మడమకు, ఇప్పుడు చీలమండ దాటింది. ఎక్కడ అడుగు వేసినా కింద దూదే. బండమీద నడిచినా దూదే, కంకరమీద నడిచినా దూదే. దూదిలో బతికినవాడి కాళ్ళలోకి దూది చేరడంలో వింత ఏముంది? అద్దకంవాడి గోళ్ళలో రంగు లేదా? నూనె మిల్లు కూలివాడి ఒంట్లో నూనె లేదా? తండ్రి కూడా చివరి ఏడాది గోడ పట్టుకొని నడుస్తూ, "కాళ్ళకు దూది ఎక్కినాది రా" అనేవాడు. అది తమ కులవృత్తికి కట్టే సుంకమని ఇద్దరూ నమ్మారు. ఏ వైద్యుడినీ అడగలేదు, ఏ వైద్యుడూ అడగలేదు.

చలికాలమే అయినా చొక్కా తడిసిపోయింది. మూడోసారి లేచి కడవలో నీళ్ళు ముంచుకొని తాగాడు. ఈమధ్య ఎన్ని నీళ్ళు తాగినా గొంతు గోనెపట్టాలాగే ఉంటోంది.

తలుపు తట్టి, గడియ తీయించి, హనుమంతమ్మ అత్త బసమ్మ మజ్జిగ చెంబుతో లోపలికి తొంగి చూసింది. డెబ్బై దాటిన మనిషి; నడుము పూర్తిగా వంగి, ముఖం నేలకు దగ్గరగా వచ్చింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమప్పా ఇమాం సాబూ, ఈ దూదిలో ఎలుక సచ్చినాదేమో సూడు. వాకిట్లోకే కొడతాంది."

"నాకూ అట్లే ఉండాది పెద్దమ్మా. ముందే ఎతికినా, యాడా కనపల్లేదు."

"పాత దూది గదా. మా మామ కాలం నాటిది. ఎలుకలు గాదు, మా మామే ఉండాడేమో దాంట్లో."

ఆమె నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. కాని ఆమె పోయిన తరువాత మళ్ళీ గడియ పెట్టి, కుప్పనంతా మళ్ళీ తిరగేసి చూశాడు. ఆ కుళ్ళు వాసన వారం రోజులుగా ఆయన పోయిన ప్రతి ఇంటిలోనూ ఉంది. మొన్న సి.బెళగల్‌లో ఒక ఇంటివారు బియ్యం బస్తాలన్నీ దొర్లించి వెతికారు. నిన్న తన ఇంట్లో భార్య మదార్‌బీ అటకమీది సామానంతా దించింది. ఎవరికీ ఏమీ దొరకలేదు. చచ్చినదేదో తనకన్నా ముందే ఆయా ఊళ్ళకు చేరుతోందని ఇమాం సాబ్ అనుకున్నాడు.

చిన్న పరుపు ముందు పట్టాడు. బట్ట పరిచి, దూది నింపి, మీద ఎక్కి పాదాలతో సమంగా తొక్కాడు. కుట్టు సూదులు ఏడు. చిటికెన వేలంత పొడవు, తండ్రి చేతివి. వాటిని గుడ్డపట్టీకి గుచ్చి మెడలో వేసుకుంటాడు. కూర్చునేటప్పుడు ఏడు, లేచేటప్పుడు ఏడు. లెక్క తప్పితే ఆ ఇంటి గడప దాటకూడదు. దూదేకులవాడి చేతిలో మనిషి నిద్ర ఉంటుంది. పరుపులో మరిచిన సూది పాముకన్నా ఓపికగలది, ఏడాదైనా కాచుకొని ఉంటుంది అని తండ్రి చెప్పేవాడు.

మూడు వైపులా కుట్టి, నాలుగో అంచుకు సూదిలో పొడవైన పురిదారం ఎక్కించి, దాన్ని కిందినుంచి మొన పైకి నిలిచేలా బట్టకు గుచ్చి, నీళ్ళకోసం మళ్ళీ లేచాడు. తిరిగి వచ్చి మూలలు లాగి సవరించాడు. పరుపు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కిటికీ దాకా పోయి, జారిన గోనెపట్టా అంచు దోపి వచ్చాడు. కూర్చొని చేయి చాపితే సూది లేదు.

పట్టీ చూసుకున్నాడు. ఆరు.

మోకాళ్ళమీద కూర్చొని నేలంతా అరచేతులతో తడిమాడు. పరుపును పైనుంచి అంగుళం అంగుళం నొక్కాడు. చేతులు ఇంకా తనవే. అవి అబద్ధం చెప్పవు. లేదు. దూదిలోకి దిగిపోయి ఉంటుంది. మారు ఆలోచన లేకుండా కత్తి తీసి, కుట్టిన కుట్లన్నీ కోయడం మొదలుపెట్టాడు. అప్పుడే హనుమంతమ్మ తలుపు తట్టింది; గడియ తీసి వచ్చి మళ్ళీ కోతకు కూర్చున్నాడు.

"ఏమన్నా, కుట్టిందాన్ని మల్లా ఇప్పుతాండావే?"

"సూది పాయ తల్లీ. ఏడుండాల. ఆరే ఉండాయి."

"పోతే పోనీలే అన్నా, సూదికేమి కరువా? అంగట్లో..."

"అంగట్లో సూది గాదమ్మా నేను సెప్పేది. ఈ పరుపులో సూది. రేపు దీంట్లో పండేది తొమ్మిది దినాల బిడ్డ."

ఆమె చేయి నోటిమీదికి పోయింది. గడప దగ్గరే నిలిచిపోయింది.

ఆయన దూదిని పిడికిలి పిడికిలిగా తీసి, పిండి, పక్కన వేయసాగాడు. తెల్లటి దూది మీద ఎర్రని మచ్చ కనిపించింది. రూపాయి బిళ్ళంత. కుంకుమ అనుకొని వేలితో ముట్టాడు. తడిగా ఉంది. దాని పక్కన మరొకటి. తల ఎత్తాడు. మచ్చలు కడవ దగ్గర మొదలై పరుపు దాకా వచ్చాయి. పరుపు చుట్టూ రెండుసార్లు తిరిగాయి. కిటికీ దాకా పోయి, వెనక్కి వచ్చాయి. అడుగు వెనక అడుగు. గడియ వేసిన గదిలో, ఆ తెల్లని మసకలో, తనకు తెలియకుండా ఎవరో నడిచారు.

"ఎవురమ్మా లోపలికి వచ్చినారు?" అన్నాడు.

"ఎవురొస్తారు? గడియ నువ్వే పెట్టుకుంటివి గదా!" హనుమంతమ్మ ముఖం పాలిపోయింది. బాలింత పడుకున్న గదివైపు చూసి, వెనక్కి రెండడుగులు వేసి కేక పెట్టింది. "అత్తా! ఓ అత్తా! ఈడికి రా! ఏదో తిరుగుతాంది ఇంట్లో!"

బసమ్మ చీపురు చేతిలో పట్టుకొనే వచ్చింది. కోడలు చూపించిన మచ్చలను చూసింది. ఇమాం సాబ్ లేచి, కుప్ప వెనక ఏముందో చూడాలని కిటికీవైపు నడిచాడు. మిగిలినవారికి కనబడనిది, నేలకు దగ్గరగా వంగిన ముసలిదాని కళ్ళకు కనబడింది.

"ఇమాం సాబూ, నిలబడు."

నిలబడ్డాడు.

"కదలగాకు. నీ ఎనకాల ఒక దారం వస్తాంది."

ఆయన తిరిగి చూశాడు. బారెడు పొడవు పురి, సగం తెలుపు, సగం ఎరుపు, నేలమీద మెలిక తిరిగి ఉంది. ఆయన ఇటు తిరిగితే అది అటు తిరిగింది. ఒక అడుగు వెనక్కి వేశాడు. అది కూడా వచ్చింది.

"కూర్చో అప్పా," అంది బసమ్మ, చీపురు కింద పెట్టి. ఆమె గొంతులో హాస్యం లేదు. "హనుమంతీ, గాలీ లేదు దయ్యమూ లేదు, నోరు మూసుకొని ఎనక వీధికి పో. ఈ పొద్దు బేస్తవారం. అద్దం సారమ్మ వచ్చింటాది, పిల్సకరా."

సారమ్మ మిషను ఆసుపత్రి తరపున కుష్ఠు తిమ్మిరి మచ్చల రోగులను వెతికే ఉద్యోగి. నలభై ఐదేళ్ళ మనిషి. మోచేతుల దాకా తెల్లరవిక, భుజానికి గుడ్డసంచి, సంచిలో ఒక కోడి ఈక, ఒక గుండుసూది, ఒక అద్దం. వారం వారం నేతగాళ్ళ వీధి అరుగుమీద కూర్చొని, అద్దాన్ని నేలమీద పెట్టి, ఒక్కొక్కరి అరికాలు వారికే చూపించేది. "సారమ్మా, మా అరికాళ్ళకు పెండ్లిచూపులా?" అని ఆడవాళ్ళు నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు. ఆమె భర్త ఆదోనిలో వేరుశనగ మిల్లు హమాలీ. కాలి వేలి పుండుతో మొదలై, నలభై దినాల్లో పోయాడు. ఆ కాలిని తాను చూడని నలభై దినాలను ఆమె ఈనాటికీ క్షమించలేదు. చక్కెర జబ్బు పేరు అప్పుడు తెలిసింది. అధికారులు అడగకపోయినా, ఆమె సంచిలోకి అప్పటినుంచి ఒక సారా దీపం, ఒక గాజుగొట్టం, ఒక సీసాడు నీలిమందు కూడా చేరాయి.

ఆమె గదిలోకి వచ్చి, మాట్లాడకుండా కిటికీకి కట్టిన గోనెపట్టా ఊడదీసింది. వెలుతురు పడింది. ఇమాం సాబ్ ఎడమ పాదం కింద అద్దం పెట్టింది.

"చూడన్నా."

ఏళ్ళ తరువాత ఆయన తన అరికాలును చూశాడు. అది తన కాలని నమ్మలేకపోయాడు. బొటనవేలి మొదట్లో నల్లని గుంట. అంచులు నానిన తోలులా తెల్లగా లేచి ఉన్నాయి. లోపల నలుగురు చూడకూడని రంగులున్నాయి. వారం రోజులుగా ఊరూరా వెతికిన వాసన అక్కడ ఉంది. పాదం నడిమి మెత్తటి చోట సూది కన్ను తళుక్కుమంది. దాంట్లోనుంచి పురి వేలాడుతోంది.

"కండ్లు మూసుకో అన్నా. నొప్పి పుడితే చెప్పు."

మూసుకున్నాడు. ఊపిరి బిగపట్టాడు. కాసేపు ఆగి అడిగాడు.

"ఎప్పుడు పీకుతావమ్మా?"

కళ్ళు తెరిచేసరికి సూది సారమ్మ అరచేతిలో ఉంది. హనుమంతమ్మ గోడకు తిరిగి ఏడుస్తోంది. ఇమాం సాబ్ ఆ సూదిని తీసుకొని, చొక్కాకు తుడిచి, పట్టీకి గుచ్చి, వేలితో లెక్కపెట్టాడు.

"ఏడు," అన్నాడు. ఆయన ముఖం విప్పారింది. "బిడ్డ పరుపులో లేదు. దేవుడు సల్లగుండ, పరుపులో లేదు."

పెరట్లో సారమ్మ దీపం వెలిగించి, ఆయన మూత్రం చుక్కలు నీలిమందులో వేసి కాచింది. ముగ్గురూ చూస్తున్నారు. నీలం ఆకుపచ్చగా మారింది. ఆకుపచ్చ పసుపయింది. పసుపు నిలబడలేదు, కాలిన ఇటుక రంగుకు దిగి, అక్కడ ఆగింది.

"ఇది నీలో పారే చక్కెరన్నా. ఇదే నీ కాళ్ళల్లో తెలివిని తినేసింది. దూది గాదు."

"మా నాయనకు గూడా..."

"ఆయనకూ ఇదే అయ్యుంటాది. ఈ గుంట ఎన్నాళ్ళది?"

"పీర్ల పండగప్పుటిది."

సారమ్మ చేతిలోని గాజుగొట్టం కదలలేదు. "గుండం తొక్కినావా?"

ఆయన తల దించుకున్నాడు. దాన్ని తప్పులా ఒప్పుకోవలసి వస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. ఆయన జీవితంలో గౌరవం అనదగినది అదొక్కటే. మూడేళ్ళ కిందట మొదటిసారి, పీరునెత్తుకొని నిప్పుల గుండంలోకి దిగినప్పుడు, తక్కినవాళ్ళు పరుగెత్తితే ఆయన నడిచాడు. మరుసటి ఏడు గుండం నడుమ నిలబడ్డాడు. డప్పులు ఆగిపోయాయి. మొన్న నవంబరులో అందరూ ఆయనకోసమే చూశారు. పైకి వచ్చాక నూరుమంది ఆడవాళ్ళు బిందెలతో ఆ పాదాలమీద నీళ్ళు పోశారు. తల్లులు ఆ తడిమన్ను తీసి బిడ్డల నొసట పెట్టారు. దూదేకులవాడా అని పిలిచిన నోళ్ళు, సాబుగారూ అన్నాయి. ఆ నూరుమందిలో ఒక్కరైనా ఆ పాదాన్ని తిప్పి అడుగున చూడలేదు. చూడాలన్న తలంపు మొక్కేవారికి రాదు.

"ఇప్పుడే ఆదోని పోదాం, పెద్దాసుపత్రికి," అంది సారమ్మ. "నీకు జొరముంది. కాలు మోకాలి దాకా కాగిపోతాంది. రేపని అనొద్దు."

"పరుపు కుట్టాలమ్మా. ఇప్పిపెట్టినా గదా."

"పరుపు ఎవురైనా కుడతారు."

హనుమంతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, సగం గొంతుతో అంది: "రేపే తొట్టెల... ఒక్క గంటలో ఐపోతాదేమో సారమ్మా. అంతలో ఏమైతాది?"

బసమ్మ కోడలివైపు చూసింది. "మంచిగుండాది తల్లీ నీ నాయం. ఆయన నీ బిడ్డకోసం కుట్టిందంతా కోసె. నువ్వు ఆయనకోసం ఒక గంట కొయ్యలేవు."

కాని ఇమాం సాబ్ అప్పటికే గదిలోకి పోయి కూర్చున్నాడు. సారమ్మ పుండు కడిగి కట్టుకట్టేదాకా ఆగి, ఎర్రబడిన దూదినంతా ఏరి పెరట్లో తగలబెట్టమని బసమ్మకు ఇచ్చి, శుభ్రమైన దూది మాత్రం నింపి, చిన్న పరుపు మళ్ళీ కుట్టాడు. రెండు గంటలు పట్టింది. సారమ్మ గడపమీద కూర్చొని, కదలకుండా ఆయన చేతులను చూసింది. తన కోపం ఎవరిమీదో ఆమె తేల్చుకోలేకపోయింది. చివరి ముడి వేసి, ఏడు లెక్కపెట్టి, పెద్ద పరుపుకు వచ్చేవారం వస్తానని చెప్పి ఆయన లేచాడు.

బస్టాండులో ఆదోని బస్సు రావడానికి ఇంకా సమయం ఉంది. సారమ్మ సిమెంటు బల్లమీద ఒక గోధుమరంగు కాగితం పరిచి, ఆయనను దానిమీద నిలబెట్టి, పాదాల చుట్టూ పెన్సిలు గీత గీయడానికి నేలమీద కూర్చుంది. చుట్టూ జనం చూస్తున్నారు.

"ఇదేమి సారమ్మా?"

"ఆదోనిలో జయన్న ఉన్నాడు, చెప్పులు కుడతాడు. మెత్త రబ్బరు వేస్తాడు, మేకులు కొట్టడు. నీకు ఒక జత చేయిస్తా."

"సెప్పులకు గూడా పరుపు ఏస్తారన్న మాట." ఆయనకు నవ్వొచ్చింది. "పరుపోడికి పరుపు."

ఎడమ పాదం చుట్టూ పెన్సిలు తిరిగింది, ఆయనకు తెలియలేదు. కుడి పాదం బయటి అంచు వెంట వచ్చి, లోపలి వంపులోకి తిరిగినప్పుడు, ఉన్నట్టుండి ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఏమన్నా?"

"సక్కిలిగింత పెట్టింది."

సారమ్మ తల ఎత్తింది. "తెలిసిందా? నిజంగా?"

"తెలిసింది తల్లీ!" ఆయన చిన్నపిల్లవాడిలా నవ్వుతున్నాడు. "ఆడ, ఆ వంపులో. ఇంగోసారి గియ్యి."

"ఈ కాలు దక్కించుకోవచ్చన్నా," అంది ఆమె. "దీన్ని దక్కించుకుందాం." ఆ సాయంత్రం ఆమె నోటివెంట వచ్చిన మెత్తని మాట అదొక్కటే. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. విల్లు పైన కట్టారు. సగం దారిలో, పత్తి చేలమీద పొద్దు వాలుతుండగా అడిగాడు.

"నాకు కాలలేదు సారమ్మా. గుండంలో. కాలలేదా, తెలియలేదా?"

అబద్ధం చెప్పడం ఆమెకు చేతనయ్యేదే. ఆ రోజు చెప్పదలచుకోలేదు.

"తెలియలేదన్నా."

ఇమాం సాబ్ తన పాదాలను చూసుకున్నాడు. ఒకటి తెల్లని కట్టులో, ఒకటి దుమ్ములో, బస్సు నేలమీద పక్కపక్కన ఉన్నాయి. ఎవరివో రెండు మూటలను తనకు అప్పగించి, ఎవరో మధ్య ఊళ్ళో దిగిపోయినట్టు చూశాడు.

"పీరు తప్పేమి లేదు," అన్నాడు చివరకు.

"లేదు. పీరు నీ కాళ్ళు చూడమని మాకందరికీ చెప్పే ఉంటాడు. మేమే చూడలేదు."

"వచ్చే ఏడు ఇంగొకడు నిలబడతాడు. నా మాదిరే. నాకు తెలుసు, మా వీధిలో ఇద్దరికి దూదెక్కినాది." ఊపిరి కొంచెం ఆగి ఆగి వచ్చింది. నుదుటినుంచి చెమట కారుతోంది. "పీర్ల సావిట్లో నువ్వే సెప్పాల. నాకు నోరు రాదు. నా పేరు పెట్టే సెప్పు. ఊరికే సెప్తే ఇనరు."

"చెప్తా. రొమ్ములో ఏమన్నా నొప్పిగా ఉందా అన్నా?"

"లేదు. ఏమీ లేదు."

ఆమె మణికట్టు పట్టుకొని చూసింది. నాడి సన్నగా పరుగెత్తుతోంది. డ్రైవరును తొందరపెట్టమని కండక్టరుతో చెప్పడానికి లేచి ముందుకు పోయింది. తిరిగి వచ్చేసరికి ఆయన తల కిటికీ చువ్వకు ఆనించి ఉంది. నిద్రపోతున్నాడనుకొని ఆమె చెంగుతో ఆయన చెమట తుడిచింది. నిమిషం తరువాత మళ్ళీ మణికట్టు పట్టుకుంది. వదిలింది. మెడ దగ్గర పట్టి చూసింది. ఆ తరువాత ఆదోని కొండలు కనిపించేదాకా ఆ చేతిని తన చేతిలోనే ఉంచుకొని కూర్చుంది. కాళ్ళలో మొదలైన ఆ మౌనం గుండె దాకా ఎక్కి, ఆఖరి నొప్పిని కూడా ఆయనకు తెలియనివ్వలేదు. బస్టాండులో కండక్టరు వచ్చి, "పెద్దాయనా, దిగు. వచ్చేసినాము," అని భుజం తట్టాడు.

మరునాటి పొద్దున దూదేకుల వీధి నిండిపోయింది. గుండం తొక్కిన పాదాలని చివరిసారి ముట్టుకోవడానికి జనం బారులు తీరారు. మదార్‌బీ చేయి పట్టుకొని సారమ్మ చావిడి మెట్టుమీద నిలబడింది. ఆయన పేరు పెట్టే చెప్పింది. సూది సంగతి చెప్పింది, ఇటుక రంగు సంగతి చెప్పింది. "మీరు ఆ కాళ్ళకు మొక్కినారు, కడిగినారు. ఒక్కరూ చూడలేదు. నేను కట్టుకున్నవాడి కాలే చూడలేదు, మిమ్మల్ని అనడానికి నాకూ నోరు లేదు. ఇప్పటికైనా చూసుకోండి," అంది. కొందరు గొణిగారు. ఒకాయన, "మిషనామెకు పీర్ల సంగతేమి తెలుసు?" అన్నాడు. పీర్ల చావిడిని చూసుకునే ముసలి ముజావరు అతనికేసి చూసి, చావిడి అరుగుమీద చతికిలబడి, తన ఎడమ పాదాన్ని రెండు చేతులతో ఒడిలోకి లాక్కొని, అరికాలు పైకి తిప్పి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. అతని పక్కన మరొకరు కూర్చున్నారు. బారు తీరిన వీధి అంతా ఒకరి వెనక ఒకరుగా నేలమీద కూర్చుంది.

నెల తరువాత చెప్పుల అంగట్లో జయన్న, సారమ్మే ఇచ్చిపోగా మేకుకు గుచ్చి పెట్టిన ఒక గోధుమరంగు కాగితాన్ని తీసి, ఈ జత ఎవరిది, ఎవరూ రాలేదేమని అడిగాడు. సారమ్మ దాన్ని మడత విప్పి చేతిలో పట్టుకుంది: రెండు పాదాల గీతలు, ఎడమది తిన్నగా, ఎక్కడా చెదరకుండా ఉంది, కుడిదాని లోపలి వంపులో మాత్రం, ఒక్కచోట, పెన్సిలు ఉలిక్కిపడి పక్కకు పోయిన చిన్న వణుకు ఉంది.